ఒక్క సబ్బుకో వ్యాను

అమ్మా,
నా ఉద్యోగం పోలేదు. అక్క మాట నమ్మి బెంగపెట్టుకోకు. ఒక్క సబ్బు, ఒక్క పేస్టు కోసం ఇంటింటికీ వ్యాను తిప్పితే డీజిలు ఖర్చు కూడా రావడం లేదనీ, చిన్న ఆర్డర్లు ఆపేస్తాననీ మా మేనేజరు అన్నది నిజమే. అవి ఆగితే నా వ్యానూ ఆగినట్టే. అందుకే వీధి సరుకంతా ఒకేచోట దించుతాను, ఎవరిది వాళ్ళు వచ్చి తీసుకుంటారని పట్టుబట్టి ఒప్పించాను.

మొదటిరోజు దర్జీ కొట్లో దించాను. సాయంత్రం వెళ్ళి చూద్దును కదా, ఆయన పొట్లాలన్నీ విప్పి, దారపు రీళ్ళలా సబ్బులు ఒక అరలో, పేస్టులు ఒక అరలో ముచ్చటగా సర్దిపెట్టాడు! "గజిబిజిగా ఉంటే నాకు చెయ్యాడదమ్మా" అన్నాడు. ఎవరిదేదో తేల్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అయినా వదల్లేదు. రేపటినుంచి బట్టలకి కట్టే పేరు చీటీలే పొట్లాలకీ కడతాం. నా వ్యాను ఆగనివ్వను.

నీ మోకాలు ఎలా ఉంది? వంటింటి కుళాయి బాగుచేయించావా? నా దుప్పటి, చెప్పులు విడివిడిగా పంపకు, ఒకే మూట కట్టు. ఇది చదివాక అక్కకీ, పిన్నికీ ఇవ్వు. మీ ముగ్గురికీ నమస్కారాలు ఈ కార్డులోనే దించాను. ఎవరివి వాళ్ళు తీసుకోండి.

నీ చిన్నది