గట్టు తగాదా

అన్నా,

సర్జాపుర దగ్గరి మన చేను ఈరోజు అమ్మేశాను. చుట్టుపక్కల చేలన్నీ లేఅవుట్లయ్యాక మిగిలినవి రెండే. ఒకటి మనది, ఇంకొకటి నువ్వు పోయేదాకా గట్టు కోసం నీతో పోట్లాడిన మునెప్పది. రెండూ ఒకే బిల్డరు కొన్నాడు.

పొద్దున కొలతలప్పుడు మునెప్ప గట్టు దాటి తన చేలోకి రెండడుగులు నడిచాడు. "హద్దు ఇక్కడుండాది. మీ అన్న చెప్పిందే నిజమప్పా," అన్నాడు. ఆ మేరకు అతనికొచ్చే డబ్బు తగ్గింది.

"మరి ఇన్నేళ్లూ ఎందుకు ఒప్పుకోలేదు?" అని అడిగాను.

"ఒప్పుకునింటే ఆయప్ప దినామూ నన్ను తిట్టేదానికి వస్తా ఉండెనా? ఈడ మాట్లాడేదానికి ఇంకెవరుండారు?"

సంతకాలయ్యాయి. రేపు గట్టు చదును చేస్తారు. మునెప్ప ఇంటికి పోకుండా గట్టు వైపే నడిచాడు. నేను బస్సెక్కాను.