క్వార్టర్‌లో వెనక గది

ఆగస్టు 2005, శుక్రవారం

వరదకు లింగియాడీహ్ బస్తీలో మా అద్దె ఇల్లు కూలాక, అప్పలరాజు బావ తన రైల్వే క్వార్టర్‌లో వెనక గది అద్దెకిచ్చాడు. ఈరోజు అద్దె మూడింతలు చేశాడు. “ఏటి బావా, అలగ సూత్తావు? నువ్వొగ్గేత్తే ముగ్గురు లైన్లో ఉన్నారు,” అన్నాడు.

వరద బాధితులకు అద్దె పెంచితే కలెక్టరు ఫిర్యాదు చేయమన్నారని విని ఆయన ఆఫీసుకు వెళ్లాను. గుమాస్తా కలం తీసి, “మకాన్ మాలిక్ పేరు?” అని ఇంటి యజమాని పేరు అడిగాడు. క్వార్టర్‌లో గది అద్దెకివ్వడమే నేరం. పేరు చెబితే బావ ఉద్యోగం పోతుంది, మేము ఆ పూటే రోడ్డున పడతాం. పేరు చెప్పకుండానే వచ్చేశాను.

“ఏటన్నారు?” అని మా ఆవిడ ఆశగా అడిగింది.

“ఫిర్యాదు కాగితం తీసుకున్నారు,” అన్నాను.

వరద రోజు కట్టిన మూటలు ఇప్పుడు విప్పుతోంది. వద్దని చెప్పలేకపోతున్నాను.