‘తీయలేదు’ అన్న మాట మీద తీసేయబోతున్న బొమ్మలు

ఉమ్మడి విజ్ఞాన సైటు, బొమ్మల హక్కుల విభాగం నిర్వాహకులవారి సముఖమునకు

అయ్యా,

విషయం: ‘కుంచె’ అను సభ్యుడు ఎక్కించిన 212 బొమ్మలను శుక్రవారం తొలగించకుండా నిలుపుట గురించి, ‘నిక్కచ్చి’ అను సభ్యుడిపై చర్య తీసుకొనుట గురించి.

నేను ముప్పై నాలుగేళ్లు గ్రంథాలయంలో పనిచేసి రిటైరయినవాణ్ని. కుంచె నా భార్యకు స్వయానా తమ్ముడు, బోర్డులు రాసే పెయింటరు. ఈ అర్జీ తన తరఫున రాసిపెట్టమని అతనే నన్ను అడిగాడు. ఆ మేరకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు 212 బొమ్మలూ కుంచె తన చేత్తో రాసిన బోర్డులకు, గోడరాతలకు తానే తీసుకున్న ఫొటోలు. మందుల షాపు, సైకిళ్ల రిపేరు, దంతవైద్యుడు, టైపు ఇన్‌స్టిట్యూటు, ఇలా నలభై ఏళ్ల పని. ఆ బోర్డులు ఇప్పుడు లేవు, వాటి స్థానంలో ఫ్లెక్సీలు వచ్చాయి. ఫొటోలున్న ఫోను పాడైపోయింది. చెయ్యి వణుకుతున్నందున అతను ఇకపై ఒక్క అక్షరం కూడా రాయలేడు. సంతకం చేయాలన్నా ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకోవాలి. తమ సైటులో చెరిపేస్తే అతని పని లోకంలో ఇంకెక్కడా మిగలదు.

2. వివాదం మొదలైంది ఒక్క బొమ్మతో. అది మా గ్రంథాలయం చిహ్నం, తెరిచిన పుస్తకం మీద దీపం. ఫొటో హక్కు తీసినవాడిదనీ, సంస్థల చిహ్నాల్ని గీసినవాడి అనుమతి లేకపోతే చిన్న సైజులో, ఆ సంస్థ పేజీలోనే వాడాలనీ తమ నిబంధన. గోడ మీద ఆ చిహ్నం గీసింది కుంచె. ఆ హక్కు గ్రంథాలయానిదంటూ అతని దగ్గర ఎవరూ ఏ కాగితమూ రాయించుకోలేదు. ఫొటో తీసిందీ అతనే. కనుక ఉన్న హక్కులన్నీ ఆ ఒక్కడివే.

‘నిక్కచ్చి’ ముందుగా ఆ బొమ్మను పేజీలోంచి తొలగించాడు. తర్వాత చర్చాపేజీలో, “ఈ బొమ్మ ఎవరు తీశారు? జవాబివ్వండి” అని అడిగాడు. పేజీలో తన బొమ్మ కనబడక కంగారుపడుతున్న కుంచె, “నేను తీయలేదు. నా బొమ్మ నేనెందుకు తీస్తాను?” అని జవాబిచ్చాడు. మన భాషలో కెమెరాతో తీసినా తీయడమే, ఉన్నచోటి నుంచి తీసినా తీయడమే. నిక్కచ్చి రెండో వాక్యం మింగేసి మొదటిది మాత్రం తమకు పంపి, ‘ఫొటో తాను తీయలేదని సభ్యుడే ఒప్పుకున్నాడు’ అని ఫిర్యాదు చేశాడు. దాని మీద తాము కుంచె ఖాతా స్తంభింపజేసి, మిగిలిన 211 కూడా దొంగ సరుకేనని నోటీసు అతికించారు.

తొలగింపుకు మరో ముగ్గురు ‘సమ్మతం’ అని ఓటు వేశారు. అందులో ఒకరు జీవితంలో రైళ్ల టైంటేబులు తప్ప మరేమీ చదివిన దాఖలా లేదు. వారి సంగతి వేరే అర్జీలో విన్నవిస్తాను.

3. గత ఆదివారం కుంచె ఆ నోటీసును కాగితం మీద అచ్చుతీయించి మా ఇంటికి తెచ్చాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“బావా, నీకు చదువుంది. నేను రాసినదాంట్లో తప్పెక్కడుందో చెప్పు. తీయలేదు కాబట్టే తీయలేదన్నాను కదా.”

రూల్స్ కఠినంగా ఉంటాయి, చూద్దాం అన్నాను. మా ఆవిడ ఆ నిక్కచ్చి ఎవడో గానీ వాడి నోట్లో మన్ను పడ అంది. నేను తలూపాను. దానికి అతను, “తిట్టకక్కా, వాడి పని వాడు చేశాడు” అన్నాడు.

4. నిక్కచ్చిని నేనే.

అతని జవాబు చదివిన క్షణంలోనే అతను ఏ ‘తీయడం’ గురించి అన్నాడో నాకు అర్థమైంది. రెండో వాక్యం పొరపాటున వదిలేయలేదు. దాని మీద వేలు పెట్టి చెరిపాను. కారణం తమ విచారణలో తేలేది కాదు గనుక నేనే చెబుతాను. గ్రంథాలయం తెరిచిన రోజున గోడ మీద రాయవలసిన పేరు కాగితం మీద రాసిచ్చింది నేను. ‘థ’ ఉండవలసినచోట ‘ధ’ పెట్టాను. అతను దిద్ది సరిగా రాసి, నిచ్చెన మీద నుంచే నలుగురికీ వినబడేలా, “బావా, నువ్విచ్చినట్టే రాస్తే గోడ ఊరుకుంటుందిగానీ చదివేవాళ్లు ఊరుకోరు” అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. అతను ఎనిమిదో తరగతి చదివాడు. నేను చదివిన పుస్తకాల లెక్క నాకే తెలియదు. ఆ ‘ధ’ ఆనాటి నుంచి నా గొంతులో ఉంది.

తమ సైటులో నేను తొంభై ఆరు బొమ్మల మీద ఫిర్యాదు చేశాను. తొంభై అయిదింటి విషయంలో నాదే న్యాయం. ఆ విషయంలో ఎవరితోనైనా వాదిస్తాను. తొంభై ఆరోది మాత్రం దొంగతనం. దొంగ కుంచె కాదు.

కావున 212 బొమ్మలనూ ఉంచి, కుంచె పేరు పక్కన పెట్టిన ‘ఉల్లంఘనకారుడు’ అన్న ముద్ర చెరిపి, దాన్ని నా పేరు పక్కన పెట్టి, నన్ను శాశ్వతంగా బహిష్కరించవలెనని ప్రార్థన. పై సంగతులన్నీ శుక్రవారానికి ముందే చిత్తగించవలెను.

ఇన్నాళ్లూ నిబంధనలకు తప్ప ఎవరికీ విధేయుడు కాని
తమ విధేయుడు,
నిక్కచ్చి

తా.క. కుంచె ఇందాక వచ్చాడు. అర్జీ చదివి వినిపించమన్నాడు. మూడో అంశం దాకా చదివి నీళ్లు తాగాలని ఆగాను. “ఎంత బాగా రాశావు బావా, నా మనసులో ఉన్నది ఉన్నట్టు రాశావు” అన్నాడు. తక్కినది తానే చదువుకుని, పంపే మీట తానే నొక్కుతానని, కళ్లజోడు కోసం ఇంటికి వెళ్లాడు. రెండు వీధులే. నాలుగో అంశం కొట్టేయడానికి నాకు పది నిమిషాలు దొరికాయి. తొమ్మిది గడిచాయి. మెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. అంశం అక్కడే ఉంది.