నీలం రాని నిమిషం

జూన్ 9, సోమవారం

పొద్దున్నే ఆశ్చర్యం. బుధవారం స్టెంట్ నువ్వే వేస్తున్నావు అన్నారు మా సర్జన్ సెతీనా మేడమ్. నేనింకా ఇంటర్న్‌ని.

పేషెంట్ దోన్ విల్బర్త్. మా మెరిదా ఊళ్లో సిటీ బస్సు డ్రైవరు, దాహమేస్తే కోలా తప్ప తాగడు. మూత్రనాళంలో చింతగింజంత రాయి. లాపరోస్కోపీలో రాయి తీశాక, కోసిన చోటు మానేదాకా లోపల ఒక సన్నని గొట్టం ఉంచుతారు, అదే స్టెంట్. మీరు ఇంట్లో పడుకునే వల ఊయలలాంటిదే, ఒక కొస కిడ్నీకి, ఒక కొస మూత్రాశయానికి తగిలిస్తాం అని చెప్పాను. మరి అందులో పడుకునేదెవరు డాక్టరమ్మా అన్నాడు. పక్కనున్న భార్య, చోటు చూపిస్తే ఈయనే దూరతాడంది.

జూన్ 10, మంగళవారం

కలలో కూడా గొట్టం తోస్తూనే ఉన్నాను.

జూన్ 11, బుధవారం, సాయంత్రం

రాయి వచ్చేసింది. నేను బయటి నుంచి గొట్టం తోస్తుంటే మేడమ్ లోపల పట్టుకారుతో దారి చూపారు. కింది కొస మూత్రాశయంలోకి దిగిందో లేదో కెమెరాకి కనబడదు. అందుకే మూత్రం బయటికి పోయే కాథెటర్‌లోంచి మూత్రాశయంలోకి నీలం నీళ్లు ఎక్కిస్తారు. దిగి ఉంటే స్టెంట్‌లోంచి నీలం పైకి ఎగదన్నుతుంది. ఆ పనీ నాకే ఇచ్చారు. గ్లవ్స్ విప్పి పేషెంట్ కాళ్లవైపు వెళ్లాను. ఎక్కిస్తూ, ఈ నీలాన్ని ఏమనాలి అని ఆలోచించాను. సిరా? శంఖుపువ్వు? సముద్రం మాత్రం కాదు, మన సముద్రం ఆకుపచ్చ.

నీలం రాలేదు.

మత్తు డాక్టరు బలాం, ఇంటర్న్ గారు గొట్టాన్ని ఏ ఊరు పంపారో అన్నాడు. మేడమ్ నవ్వలేదు. లాగేసి మళ్లీ వేద్దాం అన్నారు. నాళం అప్పటికే వాచి ఉంది, మళ్లీ తోస్తే చిరగొచ్చు. తల దించితే కింద మూత్రం సంచి నిండా నీలం. కాథెటర్‌కి సంచివైపు దారి మూసే క్లాంప్ పెట్టలేదు! రంగుకి పేరు వెతుకుతూ మరిచిపోయాను. ఎక్కించిందంతా సంచిలోకి పోయింది.

లాగకండి మేడమ్, క్లాంప్ పెట్టలేదు, తప్పు నాదే అని అరిచాను. గొంతు కీచుమంది. క్లాంప్ పెట్టి మళ్లీ ఎక్కించాను. స్క్రీన్ మీద, గొట్టం రంధ్రంలోంచి ఒక చుక్క. ఇంకొకటి. ఏ పేరూ తట్టలేదు.

మేడమ్ కుట్లు వేస్తూ తిట్టారు, చేతులు కడుక్కుంటూ తిట్టారు. చివర్లో, లాగకముందే నోరు తెరిచావు, శుక్రవారం కూడా రా అన్నారు. లిఫ్టులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

జూన్ 12, గురువారం

దోన్ విల్బర్త్‌కి జరిగింది చెప్పేశాను. తలుపు వెయ్యకుండా నేనెన్నిసార్లు బస్సు కదిలించానో అన్నాడు.

రేపు ఉదయం ఏడింటికి ఇంకో రాయి. క్లాంప్ పెట్టగానే, గదంతా వినబడేలా, పెట్టాను అనాలి.