గుసగుసగా తిట్టిన తిట్టు

మామయ్యా,

మీరు ఉద్యోగమంతా కాపలా కాసిన చిత్తడి మైదానంలో మీ పరువు నిలువునా ముంచేసిన ఈ మేనల్లుణ్ణి క్షమించమని సాష్టాంగపడి వేడుకుంటున్నాను.

మీ మాట మీదే మా కాలేజీ వాళ్లను లోపలికి వదిలారు. ఒక్క పిట్టగూడు చెడినా ఇకపై విద్యార్థులెవర్నీ రానివ్వం అని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పారు. "ఏం చేసొచ్చావురా?" అని మీరు ఫోన్లో అడిగితే నీళ్లు నమిలాను కదా, అందుకే ఈ ఉత్తరం.

గూళ్లు క్షేమం. బయటి కలుపు గింజలు లోపలికి రాకుండా గేటు దగ్గర అందరి చేతా బూట్లు కడిగించాను. చిన్నప్పుడు మీరు నా చెప్పులు కూడా కడిగించి, ఆ తర్వాత నన్ను భుజాలెక్కించుకుని తీసుకెళ్లేవారు. మరి చెప్పులెందుకు కడిగించారో నాకిప్పటికీ అర్థం కాలేదు. గడ్డి వాసన అదే. చెక్కబాట మాత్రం ఇప్పుడు నా బరువుకి మూలుగుతోంది.

మా వాడొకడు ఫోటో కోసం బాట దిగబోయాడు. వాడు కాలు పెట్టబోయే చోటే, గడ్డిలో పిట్ట గుడ్ల మీద కూర్చుని ఉంది. అరిస్తే ఎగిరిపోతుంది. అందుకని, పిట్టలు బెదరకుండా మీరు గుసగుసగా తిట్టేవారే, అచ్చం ఆ గొంతుతో అన్నాను: "ఒరేయ్ శుంఠా, కాలు తియ్! ఇదేమైనా మీ అత్తారిల్లనుకున్నావా?"

వాడు ఆగాడు. పిట్ట కదల్లేదు. కానీ మా ముందు నడుస్తున్న కొత్త కాపలాదారు, మీ దగ్గర పని నేర్చుకున్నతను, చటుక్కున టోపీ సర్దుకుని, "వచ్చారా సార్!" అంటూ నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

నేను నిజంగా చేసిన తప్పు ఒక్కటే మామయ్యా. మీ మోకాళ్లు ఇక అంత దూరం నడవలేవని అతని మొహం చూసి చెప్పలేక, వచ్చే వారం వస్తారని చెప్పేశాను.