కన్ను ముట్టుకోని పాఠం

అమ్మకు జాస్మిన్ వందనాలు. ప్రభువు దయవల్ల నేనిక్కడ కులాసా. నువ్వూ తమ్ముడు ఏసుబాబూ బాగున్నారని తలుస్తాను. ఫోన్లో నీకు మాట సరిగ్గా వినపడదు, అరిచి అరిచి నా గొంతు పోతోంది. అందుకే ఈ ఉత్తరం.

"ఫోటోలో నీ కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయి? ఏడుస్తున్నావా? ఇక్కడి జ్యోతిర్మయి టీచరు నీ బడికి మారడానికి ఒప్పుకుంది, ఆమె చోటికి నువ్వు చీరాల వచ్చెయ్" అని రాశావు. కళ్ల సంగతి చివర్లో చెబుతాను. ముందు నా గొప్ప విను.

మొన్నొక బుధవారం పై అధికారి నా ఇంగ్లీషు క్లాసు చూడటానికి వచ్చారు. పాఠం, శరీర భాగాలతో వచ్చే జాతీయాలు. ఒక్కోటి చెబుతూ ఆ భాగాన్ని ముట్టుకోమన్నాను. 'ఆల్ ఇయర్స్' అంటే చెవులొగ్గి వినడం. అందరూ చెవులు పట్టుకున్నారు. 'పుల్ మై లెగ్' అంటే ఆటపట్టించడం. నవ్వుకుంటూ కాళ్లు పట్టుకున్నారు. 'కీప్ యాన్ ఐ', ఓ కన్నేసి ఉంచడం, అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు! అధికారి నావైపు చూశారు. నా పరువు పోయిందే అనుకున్నాను.

అప్పుడు స్తుతి అనే పిల్ల లేచింది. "పొద్దున్నే కల్లంలో మిరపకాయలు ఏరి వచ్చామండి. ఈ చేత్తో కన్ను ముట్టుకుంటే ఇంకేమైనా ఉందాండీ? చేతులు కట్టుకుని చెప్తాం టీచర్!"

మగ్గాల మధ్య పెరిగినదాన్ని, నాకేం తెలుసు? సరేనన్నాను.

"ఐ కీప్ యాన్ ఐ ఆన్ ద క్లౌడ్స్. రెయిన్ కమ్స్, చిల్లీస్ గో" అన్నాడు మాలిక్. "మదర్ గోస్ టు వర్క్. ఐ కీప్ యాన్ ఐ ఆన్ మై బ్రదర్" అంది స్తుతి. అలా ఒకరి తర్వాత ఒకరు, ఎవరి మాట వారిది.

"ఇవి ఏ గైడులోవమ్మా?" అన్నారు అధికారి.

"గైడులోవి కావండీ, మా పిల్లలవి" అన్నాను. అమ్మా, ఉద్యోగం వచ్చిన రోజు కూడా నేనంత గర్వపడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక స్తుతి వాళ్ల కల్లానికి వెళ్లి నేనూ కాయలు ఏరాను. మరిచిపోయి కళ్లు నులుముకున్నాను. "అదేందండీ, మా పిల్లలకు తెలిసిన మాత్రం తెలీదా!" అని వాళ్లమ్మ ఒకటే నవ్వు. స్తుతి నీళ్లు కొట్టి కడిగింది. ఆ ఫోటో అప్పటిదే.

ఇంకోటి. నిన్ను అడక్కుండానే జ్యోతిర్మయి గారికి ఫోన్ చేసి రానని చెప్పేశాను. ఈ పిల్లల పదో తరగతి అయ్యేదాకా ఇక్కడే ఉంటాను. తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ ముందు ఆ ఫోటో ఇంకోసారి తీసి చూడు. కళ్లు కాదు, నోరు చూడు. నవ్వుతున్నానే అమ్మా.

ఇట్లు,
నీ పెద్దకూతురు
జాస్మిన్