పదకొండో రోబో కళ్ళు

అల్వర్‌స్టన్,
ఆగస్టు 5

క్లైవ్‌కు,

నలభై ఏళ్ళ స్నేహితుణ్ణి పిలవాల్సిన పిలుపుతో ఈ ఉత్తరం మొదలుపెట్టలేకపోతున్నాను. ఏమైనా అనుకుంటే అనుకో.

నిన్న మధ్యాహ్నం భూతద్దం పెట్టుకుని నా రోబోలను వరసగా చూశాను. ముప్పై ఒకటి. మన బొమ్మల క్లబ్బు జూలై పందెం మొదలైన రోజు నుంచి రోజుకొకటి చొప్పున, వంటగది బల్ల దగ్గర కూర్చుని రంగులు వేసిన వేలెడంత బొమ్మలు. పదకొండోదాని దగ్గర ఆగిపోయాను. దాని కంటి చీలికలో పసుపు గీత ఒకటి ఉంది. వెంట్రుకంత సన్నం, తాడు పట్టి గీసినంత తిన్నన. ఆ గీత నాది కాదు. నేను దాన్ని క్లబ్బు హాలు అలమరలో పెట్టిన రోజున ఆ కన్ను పుసులు కట్టిన ముసలి కుక్క కన్నులా ఉంది.

గీత కుడివైపు లావుగా మొదలై ఎడమవైపు సన్నబడింది. మన క్లబ్బులో ఎడమచేతి వాటం నీ ఒక్కడిదే. కార్యదర్శివి కాబట్టి హాలు తాళంచెవి ఉండేదీ నీ దగ్గరే. ఆ తర్వాత మిగిలినవీ చూశాను. భుజాల అంచులు, ఛాతీ మీద అంకెలు, మోకాళ్ళ దగ్గర తుప్పు మరకలు. పంతొమ్మిది బొమ్మల మీద నీ కుంచె నడిచింది.

మొన్న శనివారం మన క్లబ్బు అధ్యక్షురాలు బెరిల్ నా కోటుకు మొదటి బహుమతి రిబ్బను గుచ్చుతూ, "ఏంటి ఆల్విన్, ఈ వయసులో చెయ్యి ఇంతలా తిరిగింది? ఏం మందు వాడుతున్నావో మాకూ చెప్పు" అంది. అందరూ నవ్వారు. నువ్వు మూల నిలబడి చప్పట్లు కొట్టావు. నీ మొహంలో ఏదో కనిపించింది. అసూయ అనుకుని, పాపం అని నీ మీద జాలిపడ్డాను. వెర్రివాణ్ణి.

నీకు తెలిసే ఉంటుంది, కాబట్టి రాస్తున్నాను. ఈ మధ్య నా కుడిచెయ్యి నా మాట వినడం లేదు. థోరాకు కూడా చెప్పలేదు. కట్టుకున్న మనిషికే చెప్పని దాన్ని నువ్వు అలమర తెరిచి తవ్వి చూశావు, చూసి సరిదిద్దావు. వంకర గీతలే కావచ్చు, అవి నావి. ఒక్కో గీత కోసం ఊపిరి బిగబట్టి, మోచేతిని బల్లకు అదిమిపెట్టి, కుంచెను రెండు చేతులతో పట్టుకుని గీశాను. నువ్వు వాటిని చెత్త ఊడ్చినట్టు ఊడ్చేశావు.

రిబ్బను బెరిల్‌కు తిరిగి ఇచ్చేస్తాను. ఎవరి బొమ్మలు ఎవరు దిద్దారో అందరి ముందూ చెప్తాను. ఆ తర్వాత నీ కార్యదర్శి పదవి ఉంటుందో ఊడుతుందో నువ్వే చూసుకో. ఫోన్ చెయ్యకు. నీ గొంతు వింటే నోటికి ఏమొస్తుందో నాకే తెలియదు.

ఆల్విన్ ట్రాంటర్


అల్వర్‌స్టన్,
ఆగస్టు 8

ఆల్విన్‌కు,

ఇన్నేళ్ళలో నువ్వు నాకు టైపు చేసిన కాగితం పంపడం ఇదే మొదటిసారి. ఎందుకో ఇద్దరికీ తెలుసు.

పంతొమ్మిది కాదు, ఇరవై రెండు. మూడు నీకు దొరకలేదు. బెరిల్‌కు చెప్పుకుంటావా, చెప్పుకో. పదవి పీకేస్తే శనివారాలు హాలు ఊడ్చే పని తప్పుతుంది.

ఎందుకు చేశానో అడగలేదు నువ్వు. అడక్కపోయినా చెప్తాను. జూలై రెండో శనివారం హాలులో నీ బొమ్మలు చూశాను. పదేళ్ళ క్రితం గోరంత జెండా మీద నక్షత్రాలు దిద్దిన చెయ్యి నీది. ఆ చేతి కింద నుంచి ఇలాంటివి వచ్చాయంటే అర్థమేమిటో తెలియడానికి డాక్టరు అక్కర్లేదు. ఆ రోజే హాలు బయట నిన్ను అడిగాను. గుర్తు తెచ్చుకో.

"చెయ్యి ఎలా ఉందిరా?"

"చలికి. ఈ జూలై చలికాలంలో నీకు వణకదా ఏంటి?"

"కప్పు రెండు చేతులతో పట్టుకున్నావు."

"నీ కళ్ళకి అద్దాలు మార్చుకో ముందు. నర్సుద్యోగం తర్వాత చేద్దువుగాని."

అలా అని కారెక్కి వెళ్ళిపోయావు. ఆ బొమ్మల్ని చూస్తే పదిమందీ అడుగుతారు. ఆ మాట నువ్వు తోలే బడి బస్సు డిపో దాకా పోతుంది. ఎవరో మెడపట్టి గెంటేలోపు నీ అంతట నువ్వే దిగిపోతే పరువు దక్కుతుందనుకున్నాను. నెలాఖరు దాకా గడువిద్దామని కుంచె పట్టాను. నెల అయిపోయింది. నువ్వు రిబ్బను పెట్టుకుని ఫొటో దిగావు. సోమవారం పొద్దున్నే మళ్ళీ బడి బస్సు తోలావు.

ఎల్స్‌పెత్ బస్సెక్కడం లేదేమని నా కూతుర్ని అడిగావట. జలుబని చెప్పిందట. జలుబూ లేదు, జ్వరమూ లేదు. సెలవులయ్యి బడి తెరిచిన రోజు నుంచి నా మనవరాలిని నేనే కారులో దింపుతున్నాను. ఇప్పుడు తెలిసిందా, నేను నీ గురించి ఏమనుకుంటున్నానో?

వచ్చే శుక్రవారం సాయంత్రంలోపు నువ్వు డిపోలో తాళాలు అప్పజెప్పాలి. లేకపోతే డిపోకు ఫోన్ చేసేది నేనే. దీన్ని బెదిరింపు అంటావేమో. బెదిరింపే.

క్లైవ్ పెట్టిగ్రూ


అల్వర్‌స్టన్,
ఆగస్టు 17

క్లైవ్‌కు,

పోస్టులో వేస్తే సోమవారానికి అందదని దీన్ని నీ ఉత్తరాల పెట్టెలో నేనే వేసి వెళ్తున్నాను. తలుపు తట్టను.

నీ గడువుకు ఒకరోజు ముందు, గురువారం, డిపోకు వెళ్ళాను. నీకు భయపడి కాదని రాస్తే అబద్ధమవుతుంది. మేనేజరు రాస్ బల్ల మీద తాళాలు పెట్టి చెయ్యి చాపి చూపించాను. "సరే ఆల్విన్. డాక్టరు కాగితం పంపించు. ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు. నన్ను బయటి దాకా పంపడానికి లేచాడు కూడా. నేనే కుర్చీలోంచి లేవలేదు.

నీకు తెలియనిది ఒకటుంది. నీకే కాదు, ఎవరికీ తెలియదు. మార్చిలో ఒక పొద్దున బేకరీ మలుపులో స్టీరింగు మీద నా చెయ్యి జారింది. బస్సు వెనక మూల అక్కడి స్టాపులో పిల్లలు ఆనుకుని నిలబడే ఇనప కమ్మీకి గుద్దుకుని కమ్మీ వంగిపోయింది. పిల్లలు ఇంకా రాలేదు. పది నిమిషాలు ఆలస్యంగా జరిగి ఉంటే వచ్చి ఉండేవాళ్ళు. బస్సు గీసుకుపోయిన సంగతి సాయంత్రం దాకా ఎవరూ చూడలేదు. అదే బస్సు మధ్యాహ్నం ట్రిప్పు ఇంకో డ్రైవరు నెరీడా క్రోకర్‌ది. ఆమే గుద్దిందన్నారు. ఫోన్ చూసుకుంటూ తోలిందని ఊళ్ళో ఎవరో పుట్టించారు. ఆమె కాదంది. నన్ను అడిగారు. నేను తోలినప్పుడు బస్సు బాగానే ఉందన్నాను. ఆమెను బడి బస్సుల నుంచి తీసేసి యార్డులో బస్సులు కడిగే పనిలో పెట్టారు.

ఇదంతా రాస్‌కు చెప్పాను. అతను మళ్ళీ కూర్చున్నాడు. "ఐదు నెలలు ఆల్విన్. రోజూ నీ బస్సే కడిగింది ఆ మనిషి. రోజూ నువ్వు ఆమెకు గుడ్ మార్నింగ్ చెప్పావు" అన్నాడు. తిడితే బావుండేది.

ఇవాళ పొద్దున నెరీడా మా ఇంటికి వచ్చింది. థోరా తలుపు తీసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"క్షమించమని మాత్రం అడక్కండి. నేను దానికోసం రాలేదు" అంది.

"ఏం కావాలో చెప్పమ్మా" అన్నాను.

"నన్ను చూస్తే బేకరీ దగ్గర తల్లులు పిల్లల్ని చెయ్యి పట్టి పక్కకి లాగేవాళ్ళు. మా అమ్మ ఎదురుగానే లాగారు ఒకసారి. రాస్ నోటీసు అంటిస్తాడట. నోటీసులు ఎవరు చదువుతారండీ? సోమవారం నుంచి ఆ బస్సు నాది. నా బస్సు వచ్చేలోపు మీరు ఆ స్టాపులో నిలబడి, మీ నోటితో మీరు చెప్పండి."

చెప్తానన్నాను. థోరా ఆమెను గేటు దాకా దిగబెట్టి వచ్చింది. నా ఎదురుగానే బంగాళాదుంపల తొక్క తీసింది, నాకు భోజనం పెట్టింది, గిన్నెలు కడిగింది. ఇంతవరకూ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చెయ్యి సంగతి దాచినందుకు కాదు. అది ఒకే ఇంట్లో ఉండే ఆమెకు ఎప్పటినుంచో తెలిసే ఉంటుంది. నెరీడా సంగతి తెలియదు.

రిబ్బను బెరిల్‌కు ఇచ్చేశాను. మనిద్దరి పేర్లూ పందెం జాబితాలో కొట్టేసింది. రోబోలన్నిటినీ రంగు ఊడగొట్టే మందులో వేశాను. బూడిదరంగు ప్లాస్టిక్కు మిగిలింది. నువ్వు గీసిందేదో నేను గీసిందేదో ఇక దేవుడికి కూడా తెలియదు.

ఇప్పుడు నీ సంగతి. నా చెయ్యి పిల్లలకు ప్రమాదమని నీకు జూలైలోనే తెలుసు. తెలిసి ఏం చేశావు? నా బొమ్మల కళ్ళు దిద్దావు. నీ మనవరాలిని బస్సు దింపేశావు. మిగతా ఇరవై ఆరుగురిని మాత్రం దాదాపు నాలుగు వారాలు నాతోనే పంపావు. వాళ్ళ తాతలెవరికీ చెప్పలేదు. నా పరువు కోసమన్నావు. నేను నోరు మూసుకున్నదీ నా పరువు కోసమే. మనిద్దరిలో తేడా ఎక్కడుందో ఈ వారమంతా వెతికాను. దొరకలేదు.

సోమవారం ఏడూ యాభైకి బేకరీ దగ్గర ఉంటాను. నువ్వూ రా. నాకు తోడుగా వద్దు, నా పక్కన నిలబడొద్దు. నేను చెప్పడం అయ్యాక అక్కడివాళ్ళకు నువ్వు చెప్పుకోవాల్సింది ఒకటుంది. నువ్వు రాకపోతే దాన్ని కూడా నేనే చెప్తాను.

ఆల్విన్